పెద్దదీ చిన్నదీ

జంతుశాలలో, చింపాంజీ బోను వెనక, తిండి తరిగే గది. కాపరి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, గుమ్మం దగ్గర పీట మీద చిలగడదుంపలు తరుగుతూ కాపరి కూతురు. ఆ పిల్లకి పదహారేళ్ళు. అడిగితే తప్ప మాట్లాడదు.

“మళ్ళీ మొదటినుంచి చెప్పండి బాబాయ్. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?”

“ఎన్నిసార్లు చెప్పను డాక్టరమ్మా? మా అమ్మ వంటింట్లో ఉంది. మా ఆవిడ పెరట్లో బట్టలు పిండుతోంది. ముందు గదిలో చిన్నది, అప్పటికి మూడేళ్ళు. దాని పక్కన పెద్దది, దానికి నాలుగు నిండవస్తున్నాయి. ఉయ్యాల్లో పిల్లాడు, నాలుగు నెలలవాడు. నేను డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాను. అంతే.”

“ఆరుగురు.”

“ఐదుగురు. పెద్దది మనిషి లెక్కలోకి రాదుగా.”

“మీరేగా కలిపి చెప్పారు?”

“నోటి అలవాటు. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఇద్దరనేస్తాను. పెద్దదీ చిన్నదీ అని. ఆ తర్వాత గుర్తొస్తుంది, ఒకటి చింపాంజీ అని.”

“చూడండి, నేను పోలీసుని కాను. ఇక్కడికి వచ్చి ఇరవై రోజులు కూడా కాలేదు. నాకు కావలసిందల్లా ఈ కాగితం పూర్తవడం. అవతలి పార్కులో ఏడు చింపాంజీలున్నాయి. చెట్లు, గుట్ట, చుట్టూ నీళ్ళ కందకం. మన పెద్దదాన్ని తీసుకుంటామన్నారు. ఈ కాగితం ఇవాళ పంపితే రేపు పొద్దున బండి వస్తుంది. అన్నీ రాశాను. బరువు, పళ్ళు, సూదిమందులు. ఒక్క గడి దగ్గర ఆగిపోయాను.”

“ఏ గడి?”

“‘ఈ జంతువు ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా?’ మన ఫైల్లో రెండే వాక్యాలున్నాయి. ‘కాపరి ఇంట్లో నాలుగు నెలల పసివాణ్ణి చేతి మీద కరిచింది. తొమ్మిదో రోజున ఆస్పత్రిలో పిల్లవాడు చనిపోయాడు.’ కింద సంతకం.”

“నాదే.”

“వాళ్ళ గుంపులో రెండు పసికూనలున్నాయి. పసివాణ్ణి చంపిన జంతువుని కలపరు.”

“కలపరు మరి. నేనైనా కలపను.”

“అబ్బా!”

“ఏమైంది పాపా?”

“ఏం లేదు మేడమ్. దుంప జారింది.”

“ఏది, వేలు చూపించు. తెగింది కదా. నీళ్ళ కింద పెట్టు.”

“దానికిది మామూలే లెండి. చెయ్యి ఇక్కడ, మనసు ఎక్కడో. ఆ గుడ్డ చుట్టుకో తల్లీ.”

“బాబాయ్, అది కరుస్తుండగా మీరు చూశారా?”

“బూట్లు విప్పుతున్నానన్నాగా.”

“అంటే చూడలేదు.”

“అరుపు విని లోపలికెళ్ళాను.”

“ఎవరి అరుపు?”

“అందరిదీ. పిల్లాడు, మా ఆవిడ, పెద్దది. అలాంటప్పుడు అందరూ ఒకేలా అరుస్తారు డాక్టరమ్మా. ఏ గొంతు ఎవరిదో తెలీదు.”

“చూడకుండా కరిచిందని ఎలా రాశారు?”

“పసివాడి చేతి మీద పళ్ళు దిగి ఉంటే, పక్కన ఓ జంతువు ఉంటే, ఎవరైనా ఏం రాస్తారు? అయినా ఇప్పుడెందుకివన్నీ? పదమూడేళ్ళుగా ఇక్కడే ఉంది. ఇకముందూ ఉంటుంది. నేను చూసుకోవట్లేదా?”

“చూసుకుంటున్నారు కాబట్టే అడుగుతున్నాను. మోచేతుల దాకా ఒక్క వెంట్రుక లేదు దానికి. తనే పీక్కుంటోంది. పొద్దున లేచింది మొదలు గోడ పట్టుకుని ఊగుతుంది.”

“చలికి.”

“చలికి కాదు.”

“పీక్కునే అలవాటు కొన్నిటికి పుట్టుకతోనే...”

“చలికీ కాదు, పుట్టుకా కాదు. ఒంటరిగా ఉండి. ఇంకో చింపాంజీ మొహం చూసిందా అది ఎప్పుడైనా?”

“...లేదు. తల్లి కాన్పులోనే పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో. మా ఇంటినుంచి ఈ బోనులోకి.”

“చింపాంజీ యాభై ఏళ్ళు బతుకుతుంది. దీనికి పదిహేడు. ఇంకో ముప్పై మూడేళ్ళు ఇలాగే ఊగమంటారా?”

“ముందు నన్ను రిటైరవనివ్వండి. తర్వాత వచ్చేవాణ్ణి అడగండి.”

“పాపా, నువ్వు చెప్పు. రోజూ తిండి పెట్టేది నువ్వేగా. నిన్ను గుర్తుపడుతుందా?”

“ఊఁ.”

“ఎలా తెలుసు?”

“జడ కడ్డీల దగ్గర పెడితే... అక్క పేలు చూస్తుంది.”

“అక్కా?”

“నాకంటే తొమ్మిది నెలలు పెద్దది మేడమ్.”

“నీకు పేలున్నాయా?”

“లేవు. ఊరికే చూస్తుంది.”

“చూడ్డమే కాదు డాక్టరమ్మా, దొరికినట్టు నోట్లో వేసుకుని నములుతుంది కూడా! నటనలో దాన్ని మించినవాళ్ళు లేరు.”

“బాబాయ్.”

“ఆఁ?”

“పసివాణ్ణి కరిచి చంపినదాని దగ్గర కూతురి తల పెట్టనిస్తారా?”

“...కడ్డీలున్నాయిగా.”

“కడ్డీల్లోంచి చెయ్యి వస్తుంది. చేతికి జడ దొరుకుతుంది. మొదటిరోజు నాకేం చెప్పారు? రెండు గజాల దూరంలో నిలబడండి, అది మంచిది కాదన్నారు.”

“మీరు కొత్తవాళ్ళు. కొత్తవాళ్ళకి అలాగే చెప్పాలి.”

“సరే. ఫైల్లో ఇంకో ముక్క ఉంది. ‘వివరాలకు నోటుబుక్కు చూడుము.’ ఏ నోటుబుక్కు?”

“అదా... అప్పట్లో జంతుశాల అధికారిగా ఉన్న పెద్దాయన సరదా. పిల్లలిద్దరూ ఒకే ఇంట్లో పెరుగుతున్నారు కదా, పక్కపక్కన గళ్ళు కొట్టి, ఎవరేం నేర్చారో ఆదివారం ఆదివారం రాయమన్నాడు. ఆయన వెళ్ళిపోయాడు. పుస్తకం చెదలు తినేశాయి.”

“తినలేదు నాన్నా.”

“ఏంటీ?”

“బీరువా మీద రేకుడబ్బాలో ఉంది. మొన్న కూడా చూశాను.”

“నిన్నెవరైనా అడిగారా? నెలకో మాట మాట్లాడతావు, ఆ మాట ఇదా? నువ్వు తరుగు.”

“పాపా, వెళ్ళి పట్టుకురా.”

“దానికి పనుంది డాక్టరమ్మా.”

“ఇల్లు ఆ నీళ్ళ ట్యాంకు పక్కనేగా. దుంపలు నేను తరుగుతాను. నువ్వెళ్ళు.”

“...నాన్నా?”

“వెళ్ళు, వెళ్ళు. అమ్మ పడుకుని ఉంటే లేపకు.”

“ఆవిడ ఇటువైపు రారా?”

“రాదు. పెద్దది అరిస్తే లేచి కిటికీ వేసుకుంటుంది. ఎండాకాలమైనా సరే.”

“పెంచింది ఆవిడేగా?”

“ఆవిడే. పెద్దాయన తువ్వాల్లో చుట్టి తెచ్చి మా ఆవిడ ఒళ్ళో పెట్టాడు. నా రెండు అరచేతులంత ఉంది. అప్పుడే మా ఆవిడకి నెల తప్పింది. రెండు గంటలకోసారి పాలసీసా. దించితే ఏడుపు. ఆవిడ గుండె మీద బల్లిలా కరుచుకుని పడుకునేది. చిన్నది పుట్టాక ఓ పక్క ఇది, ఓ పక్క అది. మా అమ్మ వచ్చి, ‘ఒసే, ఇందులో నా మనవరాలు ఏదో ముందు చెప్పు, తప్పు మొహాన ముద్దు పెట్టుకోగలను’ అనేది.”

“మనకీ చింపాంజీకీ వందలో తొంభై ఎనిమిది పాళ్ళు ఒకటేనని లెక్క కట్టారులెండి.”

“మిగిలిన రెండు పాళ్ళూ మా అమ్మ నోరే అయ్యుంటుంది.”

“అయ్యో బాబాయ్, నవ్వించకండి, కత్తి చేతిలో ఉంది.”

“నిజం. ఆవిడ పోయాక మా ఇంట్లో మాటే వినపడదు. మా ఆవిడా మాట్లాడదు, పిల్లా మాట్లాడదు. అరిచేది పెద్దదొక్కటే.”

“ఇదిగో మేడమ్.”

“ఇటివ్వమ్మా, ముందు నేను చూస్తాను. పేజీలు ఊడిపోతున్నాయి దానికి...”

“జాగ్రత్తగానే తిప్పుతాను బాబాయ్. వదలండి. వదలండి మరి. ...అబ్బ, రాత ముత్యాలే! ‘ఎడమ గడి పెద్దది. కుడి గడి చిన్నది.’ చదవనా? ‘పెద్దది పరిగెడుతోంది. చిన్నది బోర్లా పడింది.’ ‘పెద్దది చెమ్చాతో తింటోంది. చిన్నది చెమ్చా విసిరేసింది. పెద్దది వెళ్ళి తెచ్చి ఇచ్చింది.’”

“పదిసార్లు విసిరితే పదిసార్లూ తెచ్చేది.”

“‘పెద్దది తలుపు గడియ తీసింది. చిన్నది తీయలేదు.’ ‘చక్కిలిగింత పెడితే ఇద్దరూ నవ్వారు. చిన్నది కిలకిల. పెద్దదానికి గొంతు రాదు, ఊపిరే నవ్వు.’ ‘నుదుటి మీద మసి రాసి అద్దం చూపించాను. పెద్దది తన నుదురు తుడుచుకుంది. చిన్నది అద్దం వెనక్కి వెళ్ళి ఎవరున్నారో చూసింది.’ ఏం పాపా, అన్నిట్లోనూ అక్కే ఫస్టు!”

“ఊఁ.”

“ఇక్కడ్నుంచి చిన్నది అందుకుంది లెండి. ఆ పేజీ తిప్పండి, విమానం సంగతి.”

“‘విమానం వెళ్ళింది. చిన్నది వేలు చూపించింది. తెమ్మని కాదు. నన్ను చూడమని. నేను చూశాక నవ్వింది. పెద్దది కావలసిన వస్తువు వైపు చెయ్యి చాస్తుంది. ఊరికే చూడమని ఇంతవరకు ఏదీ చూపించలేదు.’ ఎంత బాగా పట్టుకున్నారు బాబాయ్! పెద్ద చదువులవాళ్ళు రాసే మాట ఇది.”

“నాకేం తెలుసు, కళ్ళకి కనపడింది రాశాను. ఆ రోజు నాకు పెద్దదాన్ని చూస్తే బాధేసింది. ఆకాశంలో అంత పెద్ద విమానం పోతుంటే, నాన్నా చూడు అనాలని దానికి అనిపించదే పాపం, అని.”

“‘డబ్బా మీద మూడుసార్లు తట్టి, మూత తీసి బిస్కెట్టు ఇచ్చాను. తర్వాత డబ్బా వాళ్ళ ముందు పెట్టాను. పెద్దది తట్టలేదు, తిన్నగా మూత తీసింది. చిన్నది మూడుసార్లు తట్టి తీసింది.’”

“దానికి మా అమ్మ ఒకటే గోల. ‘కోతికున్న తెలివి నీ కూతురికి లేదురా’ అని.”

“కోతి కాదు. తోక లేదు.”

“ఉన్నప్పుడు రావలసింది మీరు, ఆవిడకి చెప్పడానికి.”

“మనుషులంతే బాబాయ్. ముందున్నవాళ్ళు ఏం చేస్తే అది చేసేస్తారు, అవసరం ఉన్నా లేకపోయినా. చింపాంజీ తనకి పనికొచ్చేది ఏరుకుంటుంది. నీ గురించి ఇన్ని సంగతులున్నాయి పాపా, తెలుసా?”

“చదివాను మేడమ్.”

“చదివావా? ఎప్పుడు?”

“...పదేళ్ళప్పుడు నాన్నా.”

“ఎంతవరకు చదివావు?”

“అక్కకి ఆకలేస్తోంది. బకెట్టు తీసుకెళ్తాను.”

“...వెళ్ళు. తిండి పెట్టి అటే నేల కూడా కడిగేసి రా. నెమ్మదిగా కడుగు. మూలలు కూడా కడుగు.”

“ఎందుకంత కోప్పడ్డారు?”

“కోపమేం లేదు. నోటుబుక్కు ఇక చాలు డాక్టరమ్మా. అయిపోయింది. ఇంకేం లేదందులో.”

“ఇంకో నాలుగు పేజీలున్నాయి. ‘చిన్నది వంగి, వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది.’ ‘చిన్నది గిన్నె చూసి హూ హూ అంది. పోయిన నెల పాలు అనేది.’ మాటలు తగ్గాయా?”

“పన్నెండు మాటలు వచ్చినవి నాలుగుకి పడిపోయాయి. చిన్నదాన్ని చూసి పెద్దది మనిషవుతుందని పెద్దాయన ఆశ. జరిగింది తిరగబడింది. మీరన్నారుగా, చూసినదల్లా చేసేది మనమేనని. నేల నాకితే నేల నాకేది. పెదాలు సాచి ముద్దు పెడితే అలాగే పెట్టేది. మా అమ్మ, ‘నీ ఉద్యోగం కోసం మనిషి పిల్లని అడివిలో కలిపేస్తావా’ అని పగలూ రాత్రీ సాధింపు. మా ఆవిడ ఏడుపు. అప్పటికి పిల్లాడు కడుపులో.”

“‘పెద్దది ఆటలో నోరు పెడుతుంది. పళ్ళు ఆనిస్తుంది, నొక్కదు, వదిలేస్తుంది. చిన్నది కూడా అలాగే నోరు పెడుతోంది.’ ...తర్వాత?”

“తర్వాత ఏముంటుంది?”

“‘చిన్నదానికి వదలడం తెలియడం లేదు.’ బాబాయ్, ఇదేంటి?”

“పిల్లలు కరుస్తారు డాక్టరమ్మా. ప్రపంచంలో అందరి పిల్లలూ కరుస్తారు.”

“దీని తారీఖు ఆ రోజుకి రెండు వారాల ముందుది. దీని తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. ...అట్ట లోపల ఏదో ఉంది.”

“అది వద్దు.”

“పల్చటి కాగితం. పెన్సిల్‌తో ఏదో...”

“అది వద్దన్నానా! ఇటివ్వండి!”

“ఆగండి. ఆగండి బాబాయ్. ఇది కాటు గుర్తు. మీరు గీసిందేనా?”

“...మా పద్ధతి అది. ఎవరికి కాటు పడ్డా, కట్టు కట్టేలోపు పైన పల్చటి కాగితం పెట్టి పళ్ళ గుర్తులు గీసుకోవాలి. ఏది కరిచిందో, ఎంత వెడల్పో ఆస్పత్రిలో అడుగుతారు కదా. ఇరవై ఏళ్ళ అలవాటు. కన్నకొడుకు చేతిలోంచి రక్తం కారుతుంటే కూడా నా చేతులు జేబులోంచి కాగితం తీశాయి డాక్టరమ్మా. ఏ తండ్రైనా గీస్తాడా? ముందు ఎత్తుకుని పరిగెత్తడా? నేను గీశాను.”

“నాలుగేళ్ళ చింపాంజీ దవడ పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. కోరపళ్ళు అన్నిటికంటే ముందు దిగుతాయి. ఇది గుండ్రంగా ఉంది. విరిగిన చేతి గాజులా. కోరల గుర్తే లేదు. ఇది మీకు తెలీదనకండి. నాకంటే బాగా తెలుసు మీకు.”

“గీస్తుండగానే తెలిసింది.”

“బాబాయ్!”

“మెల్లగా మాట్లాడండి. మా ఆవిడ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి పెద్దది ఉయ్యాల పక్కన నిలబడి ఉంది, చేతికి రక్తం. చిన్నది బల్ల కిందికి దూరింది. ‘ఇదే, ఇదే కరిచింది’ అని మా ఆవిడ పెద్దదాన్ని చీపురుతో కొడుతోంది. అది చేతులు అడ్డం పెట్టుకుంటోంది గానీ పారిపోలేదు. ‘అవును, ఇదే’ అన్నాను నేను. అంతే. ఒక్క మాట. అప్పటికది చిన్న గాయం. నాలుగు రోజుల్లో మానిపోతుంది, ఓ వారం దీన్ని బోనులో పెడితే సరిపోతుంది, చిన్నదాన్ని మా అమ్మ నానా మాటలూ అనకుండా ఉంటుంది అనుకున్నాను. నోరు లేని జీవమే కదా, ఏమనుకుంటుంది అనుకున్నాను. గాయం చీము పట్టింది. తొమ్మిదో రోజు పిల్లాడు పోయాడు. ఇంక ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకోను? ఎవరితో అనను? తమ్ముణ్ణి నువ్వే చంపావని ఆ మూడేళ్ళదానికి చెప్పనా?”

“చంపింది అది కాదు బాబాయ్. పసిపిల్ల, చూసినదాన్ని చేసింది. చీము పట్టడం దాని తప్పా?”

“మీకు చెప్పడం తేలిక. వాళ్ళమ్మకి చెప్పి రండి.”

“పాపకి తెలుసా?”

“తెలీదు. మూడేళ్ళ వయసులో ఏం గుర్తుంటుంది?”

“మరి ఇప్పుడు రాసివ్వండి. ఎవరు కరిచారో నాకొద్దు. ‘ఈ చింపాంజీ కరవలేదు’ అని రాసి సంతకం పెట్టండి. ఒక్క వాక్యం. సాయంత్రం లోపల పంపేస్తాను.”

“ఇది కాకపోతే ఎవరంటారు. ఇంట్లో ఎవరున్నారంటారు. మీరడిగిన మొదటి ప్రశ్నే ప్రతివాడూ అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది డాక్టరమ్మా.”

“మీరు ఇద్దరని చెప్పుకుంటారే పిల్లలు. ఒకరి కంట్లో వెన్న, ఒకరి కంట్లో సున్నం. పదమూడేళ్ళు చాలదా?”

“చాలదా అంటే... రోజూ పొద్దున తాళం తీసేటప్పుడు అది నా మొహం చూస్తుంది. ఇంటికి తీసుకెళ్తానేమోనని లేచి నిలబడుతుంది. ఈ పదమూడేళ్ళలో ఒక్కరోజు నిలబడ్డం మానలేదు. నాకు తెలీదనుకుంటున్నారా? సున్నం పెట్టిన చెయ్యి నాకు తెలీదా?”

“అయితే రాయండి.”

“రాయను. దాని బతుకు ఎలాగూ పాడుచేశాను. చిన్నదానిదీ పాడుచెయ్యను.”

“నేను ఈ కాగితం చూశాను. చూడలేదని అబద్ధం రాయలేను. దీన్ని జతచేసి పంపిస్తాను.”

“ఏ కాగితం?”

“బాబాయ్, ఏం చేస్తున్నారు? చింపకండి! చింపకండి, ఇవ్వండిటు!”

“ఏ కాగితమమ్మా? ఇక్కడే కాగితమూ లేదు. ఇవి చెత్త.”

“...ఎంత పని చేశారు. నేనిప్పుడు ఊహించి రాయలేను. చూసినవాళ్ళెవరైనా చెబితే తప్ప ఆ గడి మారదు.”

“చూసినవాళ్ళు లేరు. మా అమ్మ పోయింది. మా ఆవిడ తర్వాత వచ్చింది. నేనూ తర్వాతే. పిల్లాడు పోయాడు. పెద్దదానికి మాట రాదు. అయిపోయింది. మీరు వెళ్ళి బండి వద్దని ఫోన్ చేసుకోండి.”

“నాన్నా.”

“నువ్వు... నేల కడిగావా?”

“లేదు.”

“ఎప్పుడొచ్చావు?”

“ఇందాకే.”

“ఇందాకంటే ఎప్పుడు? ఏం విన్నావు?”

“మేడమ్, నేను చెప్తే రాస్తారా?”

“ఏం చెప్తావు పాపా?”

“అదేం చెప్తుంది? దానికేం తెలీదు! మూడేళ్ళ పిల్లది అప్పుడు. నడు బయటికి.”

“చెప్పనివ్వండి బాబాయ్.”

“ఇది నా ఇంటి సంగతి డాక్టరమ్మా, మీరు మధ్యలోకి రాకండి! నడవమంటుంటే! నడు!”

“నాన్నా, చెయ్యి... తలుపులో నా చెయ్యి పడుతుంది...”

“తీసుకో చెయ్యి. తీసుకో. ...ఊఁ. గడియ వేశాను. ఇంటికెళ్ళు.”

“...నాన్నా.”

“వెళ్ళు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళు.”

“కరిచింది నేనేనని నాకు తెలుసు నాన్నా. నువ్వు అందరికీ అక్కే కరిచిందని చెప్తుంటే, నాది కలేమో అనుకునేదాన్ని. పదేళ్ళప్పుడు అట్టలో ఆ కాగితం చూశాక కాదని తెలిసింది. నేను తెలుసంటే నువ్వేమైపోతావోనని చెప్పలేదు.”

“పాపా, తలుపు దగ్గరే ఉండు, నేను తీస్తున్నాను. బాబాయ్, పక్కకి జరగండి. జరగండి, దాని మీద అలా ఒరిగిపోతే ఎలా?”

“తీయొద్దులెండి మేడమ్. మొహం చూస్తే చెప్పలేను. ఇలాగే రాసుకోండి. నాన్నా, నువ్వూ విను, నీకు తెలీదిది. తమ్ముడు ఏడుస్తున్నా నేను వదల్లేదు. నా నోట్లో వేళ్ళు పెట్టి, నేను వాటినీ కొరుకుతుంటే తియ్యకుండా, నా పళ్ళు విడదీసింది అక్క.”